ప్రతిరక్షకాలకు అంటుకట్టే విద్య

పాము కరిచిన మనిషికి ఆస్పత్రిలో ఎక్కించే విరుగుడు మందు ఎక్కడినుంచి వస్తుంది? గుర్రం రక్తం నుంచి. మొదటిసారి విన్నవారికి ఇది వింతగా తోచవచ్చు గాని, నూటముప్పై ఏళ్లనాటి ఈ పద్ధతే నేటికీ మన దేశంలో పాముకాటుకు శరణ్యం. మరొకవంక, కాన్సరుకు, కీళ్లవాతానికి వాడే ఇదే జాతి మందులలో జంతువుల పాలు ఏమాత్రం లేకుండా తీసివేయడం శాస్త్రజ్ఞులకు సాధ్యమయింది. ఒకే విద్య ఒకచోట అంత ముందుకు పోయి మరొకచోట ఎందుకు నిలిచిపోయింది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ఆ విద్య ఏమిటో కొంత తెలుసుకోవాలి.

గుర్రం చేసిన మేలు

శరీరంలోకి పరాయి పదార్థం ప్రవేశించినప్పుడు దాన్ని పట్టుకోవడానికి రక్తంలో కొన్ని ప్రోటీన్లు తయారవుతాయి. వీటినే ప్రతిరక్షకాలు లేక యాంటీబాడీలు అంటారు. ఒక జంతువులో తయారైన ప్రతిరక్షకాలను మరొక జంతువుకి ఎక్కిస్తే దానికి కూడా రక్షణ లభిస్తుందని 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు నిరూపించారు. కంఠసర్పి, ధనుర్వాతం వంటి రోగాలకు సీరం చికిత్స అలా వచ్చింది. 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి బేరింగ్‌కే లభించింది. పాము విషానికి ఇదే పద్ధతిని 1890 దశకంలోనే ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ అన్వయించాడు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో ప్రతిరక్షకాలు పెరిగాక వాటిని వేరుచేయడమే ఆ పద్ధతి.

అయితే ఇందులో ఒక చిక్కు వుంది. మనకు విషం ఎలా పరాయిదో, గుర్రపు ప్రోటీన్ కూడా అలాగే పరాయిది. మన శరీరం దానిమీద కూడా తిరగబడుతుంది. సీరం ఎక్కించిన వారం పది రోజులకు కొందరిలో జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు రావడాన్ని పిర్కే, షిక్ అనే వైద్యులు 1905లోనే వివరించి, దానికి సీరం జబ్బు అని పేరుపెట్టారు. ఒక్కొక్కప్పుడు మందు ఎక్కిన నిమిషాల్లోనే రక్తపుపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టర్లు అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని ఈ మందు ఎక్కిస్తారు.

కొస ఒకటి, కాడ ఒకటి

ప్రతిరక్షకం నిర్మాణాన్ని ఛేదించినందుకు ఎడల్మన్, పోర్టర్ 1972లో నోబెల్ బహుమతి పొందారు. ప్రతిరక్షకం ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో వుంటుంది. రెండు పొడవు గొలుసులు, రెండు పొట్టి గొలుసులు కలిసి ఏర్పడిన ఈ అణువులో సుమారు 1300 అమైనో ఆమ్లాలుంటాయి. పైకి చాచిన రెండు చేతుల కొసలు శత్రువును పట్టుకుంటాయి. కింది కాడ మాత్రం, శత్రువు దొరికాడని మన రక్షణ కణాలకు కబురందిస్తుంది. చేతి కొసన కూడా నిజంగా పట్టుపట్టేవి ఆరు చిన్న మెలికలు మాత్రమే. మిగతాదంతా వాటిని నిలబెట్టే చట్రం.

తరువాత జరిగిన కథంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడింది: పట్టు వుండేది కొసన. కొసను కాపాడుకుంటే, మిగతా భాగాన్ని మార్చుకోవచ్చు. మన దేశంలో తయారయ్యే పాము విరుగుడులో చేసేది కూడా కొంతవరకు ఇదే. గుర్రపు ప్రతిరక్షకాన్ని పెప్సిన్ అనే ఎంజైముతో కోసి, కాడను తీసేసి, చేతులను మాత్రం వుంచుతారు. దానివల్ల ప్రమాదం కొంత తగ్గుతుంది గాని, మిగిలిన చేతులు మాత్రం గుర్రానివే.

చిట్టెలుక నుంచి మనిషికి

1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఒక అద్భుతం చేశారు. చిట్టెలుక ప్లీహం నుంచి ప్రతిరక్షకం తయారుచేసే కణాన్ని తీసి, చావులేకుండా పెరిగే కాన్సరు కణంతో కలిపారు. ఆ జంట కణం ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంతకాలమైనా తయారుచేస్తూనే వుంటుంది. వీటికే మోనోక్లోనల్ ప్రతిరక్షకాలని పేరు. 1984లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. 1986లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మోనోక్లోనల్ మందు, మార్చిన మూత్రపిండాన్ని శరీరం తిప్పికొట్టకుండా ఆపడానికి వాడేది. అది అచ్చం చిట్టెలుక ప్రోటీన్. కనుక పాత చిక్కే మళ్లీ ఎదురయింది. గుర్రం పోయి ఎలుక వచ్చిందన్నమాట!

పరిష్కారం మూడు మెట్లలో దొరికింది. మొదటి మెట్టులో ఎలుక చేతి కొసలను మొత్తంగా తీసుకుని మానవ కాడకు తగిలించారు. తెల్లరక్తకణాల కాన్సరుకు 1997లో వచ్చిన రిటుక్సిమాబ్ ఇటువంటిదే. రెండవ మెట్టు గ్రెగ్ వింటర్ బృందం 1986లో చూపించింది. కొస మొత్తం కూడా అక్కరలేదు, ఆ ఆరు మెలికలను మాత్రం తీసి మానవ చట్రంలో నాటితే చాలు. నాటు మామిడి మొక్క మీద బంగినపల్లి కొమ్మను అంటుకట్టినట్లే! వేరు, మాను ఇక్కడివి, పండు మాత్రం కోరుకున్నది. అయితే అంటు కట్టినంతమాత్రాన పట్టు అంతే గట్టిగా వుండదు. మెలికలకు ఆనుకుని వుండే కొన్ని అమైనో ఆమ్లాలను కూడా చూసి సరిదిద్దాలి. రొమ్ము కాన్సరుకు 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ ఈ విధంగా తయారైంది.

మూడవ మెట్టులో ఎలుకనే వదిలేశారు. మానవ ప్రతిరక్షకాల జన్యువులను బాక్టీరియాను పట్టే వైరస్‌లలో పెడితే, ఆ ప్రోటీన్ ముక్కలు వైరస్ ఒంటిమీద కనిపిస్తాయి. కోట్లాది వైరస్‌లలో లక్ష్యాన్ని పట్టుకున్నదాన్ని ఏరుకోవచ్చు. స్మిత్ 1985లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని వింటర్ ప్రతిరక్షకాలకు అన్వయించాడు. కీళ్లవాతానికి 2002లో వచ్చిన అడాలిముమాబ్ దీని ఫలమే. స్మిత్, వింటర్ 2018 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పంచుకున్నారు.

ఇటువంటి పెద్ద ప్రోటీన్లను తయారుచేయడం సులభం కాదు. 51 అమైనో ఆమ్లాల మానవ ఇన్సులిన్‌ను బాక్టీరియాలో తయారుచేసి 1982లోనే మందుగా తెచ్చారు. కాని పూర్తి ప్రతిరక్షకం సరిగా ముడుచుకోవాలి, దానికి తగిన చక్కెర అణువులు తగలాలి. అందుకే చాలావరకు హామ్‌స్టర్ అనే జంతువు అండాశయ కణాలను పెద్ద తొట్లలో పెంచి తయారుచేస్తారు. ఈ విద్య మన గడ్డకూ చేరింది. రిటుక్సిమాబ్‌కు సాటివచ్చే మందును హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లో విడుదలచేసింది.

మరి పొలంలో మనిషి సంగతి?

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల సుమారు 12 లక్షలమంది, అంటే సగటున ఏటా 58,000 మంది మరణించారని ఒక విస్తృత పరిశోధన అంచనా వేసింది. వీరిలో అధికులు పల్లెవాసులు. వారికి దొరికేది గుర్రపు సీరమే. అందులోని ప్రతిరక్షకాలలో చాలా భాగానికి విషంతో సంబంధమే వుండదు. గుర్రం తన జీవితంలో ఎదుర్కొన్న ఇతర సూక్ష్మజీవులకోసం తయారైనవవి.

దీనికి శాస్త్రపరమైన కారణం ఒకటుంది. కాన్సరు కణం మీద ఒక గుర్తును పట్టుకుంటే చాలు. పాము విషం పదుల కొద్దీ ప్రోటీన్ల మిశ్రమం. ఒక్క మోనోక్లోనల్ ప్రతిరక్షకం ఒక్కదానినో, ఒక కుటుంబాన్నో మాత్రమే పట్టగలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర – ఈ నాలుగింటికీ కలిపి పనిచేయాలంటే ప్రతిరక్షకాల గుంపే కావాలి. రెండవ కారణం డబ్బు. కీళ్లవాతం రోగి ఏళ్లతరబడి మందు కొంటాడు. పాము కరిచిన కూలీ ఒక్కసారే వస్తాడు, అదీ చేతిలో పైసా లేకుండా.

అయినా దారి మూసుకుపోలేదు. నాగుపాము కుటుంబపు విషాలలో నరాలను స్తంభింపజేసే ఒక ముఖ్య జాతిని పట్టే మానవ ప్రతిరక్షకాన్ని బెంగుళూరు భారత విజ్ఞానశాస్త్ర సంస్థ, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధకులు 2024లో ప్రకటించారు. ఏళ్లతరబడి పాము విషాన్ని తన ఒంట్లోకి తానే ఎక్కించుకున్న ఒక అమెరికన్ రక్తంనుంచి తీసిన రెండు ప్రతిరక్షకాలకు ఒక రసాయన ఔషధాన్ని జోడించి 2025లో మరొక బృందం ప్రయోగాలు చేసింది. 19 జాతుల పాము విషాలలో 13 జాతులకు ఎలుకలలో పూర్తి రక్షణ, మిగతావాటికి కొంత రక్షణ లభించింది. ఇవన్నీ ఎలుకలమీద జరిగిన పరీక్షలు. అదీ నాగుపాము కుటుంబానికి మాత్రమే. రక్తపింజర లెక్క ఇంకా తేలవలసే వుంది.

జీవరసాయనం, జన్యుశాస్త్రం చదువుతున్న మిత్రులకు ఇంతకంటే మంచి సమస్య ఎక్కడ దొరుకుతుంది? కొసను నిలుపుకుని కాడను మార్చే విద్య మన చేతిలో వుంది, దాన్ని తయారుచేసే తొట్లు మన ఊళ్లలోనే వున్నాయి, ఆ మందు అవసరమైన మనిషి మన పొలాల్లోనే వున్నాడు. ఈ మూడింటినీ కలపడమే మిగిలింది. అంతవరకు, ఎవరికైనా పాము కరిస్తే మంత్రాలకు, నాటువైద్యానికి పోకుండా వెంటనే ఆస్పత్రికి చేర్చండి. లోపాలెన్ని వున్నా, ఈనాటికి ప్రాణం నిలిపేది ఆ గుర్రపు సీరమే.