పప్పులో కలిసే కూర... పిల్లలకు తెలియని పోషణ

సాంబారులో ముల్లంగి ముక్క, పులిహోరలో కరివేపాకు, పప్పులో టమాటా తొక్క... అన్నీ ఏరి కంచం అంచున పెట్టేసే పిల్లలు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. దీన్ని మారాం అని వదిలేయడానికి వీల్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. కారణాలు అనేకం. ఆహారంలో ఇనుము చాలకపోవడం వాటిలో ముఖ్యమైనది.

కూరగాయలను మరో వంటకంలో కలిపేయడం మన వంటింటికి కొత్త కాదు. తెలంగాణలో సర్వపిండిలో సొరకాయ తురుము కలపడం ఎప్పటినుంచో ఉన్నదే. తోటకూరను కందిపప్పుతో ఉడికించి పప్పుగుత్తితో మెత్తగా ఎనిపితే ఏరడానికి ఆకు దొరకదు. తియ్యగా ఉండే గుమ్మడి, క్యారెట్ సాంబారులో, దోసె పిండిలో ఇట్టే ఇమిడిపోతాయి. ఆకుకూరలతోనే చిక్కు, రంగు పట్టించేస్తుంది. అయితే పచ్చగా ఉన్న దోసెను అనుమానించే పిల్లవాడు పెసరట్టును అనుమానించడు. పెసలు రుబ్బేటప్పుడే గుప్పెడు మెంతికూరో పాలకూరో వేస్తే సరిపోతుంది. పాలకూరలోని ఇనుము అంతగా ఒంటబట్టదు గనుక దానిమీదే ఆధారపడరాదు. మునగాకును నీడన ఆరబెట్టి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చితో పొడి కొట్టుకుంటే ఇడ్లీలోకి బాగుంటుంది. ఆ పొడిలో కాస్త నెయ్యి తప్పనిసరి. ఆకుల్లోని కెరోటిన్‌ను శరీరం గ్రహించడానికి కొవ్వు కావాలి. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. పొయ్యి మీద నుంచి దించాకే పిండాలి, వేడికి విటమిన్-సి నశిస్తుంది.

ఎంత నేర్పుగా కలిపినా ఈ ఉపాయం ఒక్కటే చాలదు. వంకాయను ఎన్నడూ చూసి తినని పిల్లవాడు రేపు బడి భోజనంలోనో, హాస్టల్లోనో దాన్ని ముట్టుకోడు. అక్కడ ఎనిపి పెట్టేవారు ఉండరు. అందువల్ల కలిపిన కూరతో పాటు కంచంలో ఒక్క ముక్కయినా కనబడేలా వడ్డించాలి. తినకపోతే బలవంతం చేయరాదు. మర్నాడు మళ్లీ వడ్డించాలి. కొందరు పిల్లలు పదిసార్లు రుచి చూశాక గానీ కొత్త కూరకు అలవాటు పడరు.

అరచేతులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయి, బిడ్డ ఊరికే నీరసించిపోతుంటే వంటింటి ఉపాయాలతో కాలయాపన చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. 5 ఏళ్లలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్ గురించి ఆశా కార్యకర్తను అడగవచ్చు.