చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?

కదలిక పోవడం లక్షణమే. జబ్బు ఎక్కడో లోపల ఉంటుంది. చెయ్యి ఎత్తాలన్న ఆజ్ఞ మెదడులో పుట్టి, వెన్నుపాములోంచి దిగి, నరం వెంట కండరాన్ని చేరుతుంది. ఆ దారిలో ఎక్కడ తెగినా చెయ్యి లేవదు. ఎక్కడ తెగిందో పట్టుకోవడానికి డాక్టరు ముందుగా అడిగేది, ఎంతసేపట్లో వచ్చింది, ఎటువైపు వచ్చింది అని.

కాళ్లలో మొదలై రోజుల మీద పైకి పాకితే గిలియన్ బారీ సిండ్రోమ్ కావచ్చు. విరేచనాలో జలుబో తగ్గిన కొద్ది రోజులకు వస్తుంటుంది. ఊపిరి కండరాలదాకా పాకితే వెంటిలేటర్ కావాలి. పొద్దున్నే మంచం మీంచి లేవలేకపోయిన కుర్రాడికి ఒక్కోసారి రక్తంలో పొటాషియం పడిపోయి ఉంటుంది. అది సరిచేస్తే గంటల్లో నడుస్తాడు.

ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోయి, మూతి వంకరపోయి, మాట ముద్దగా వస్తే మాత్రం స్ట్రోక్ అనుకునే పరుగెత్తాలి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపే పడాలి. కొందరికి 24 గంటలదాకా కూడా సన్నని గొట్టం పంపి గడ్డను లాగేయగలుగుతున్నారు. అయితే అది గడ్డో, నాళం చిట్లిందో స్కాన్ తీస్తేగానీ తెలియదు. అందుకే ఇంట్లో ఆస్పిరిన్ వేయకండి. మింగడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, నీళ్లు కూడా పట్టకండి.

ఆ గంటల లెక్క మనం చూసిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్న క్షణం నుంచి. రాత్రి 10కి బాగానే పడుకుని, ఉదయం 6కి చెయ్యి పడిపోయి లేస్తే, లెక్క రాత్రి 10 నుంచే.

ఇక్కడ అమెరికాలో మనకు 911 ఉంది. ఊళ్లో అమ్మానాన్నలకైతే 108. అక్కణ్ణుంచి ఫోన్ వస్తే ఏడుపులు పక్కన పెట్టి, చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారన్న ఆ ఒక్క ప్రశ్న అడగండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నారేమో కనుక్కోండి. పసరు మందు కోసమో, మర్దన కోసమో తీసుకెళ్తామంటే గట్టిగా వద్దనండి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లమనండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది స్ట్రోక్ లక్షణాలు వచ్చి పది నిమిషాల్లో తగ్గిపోయే రకం. నీరసమనో గ్యాసనో వదిలేస్తారు. పెద్ద స్ట్రోక్ వచ్చే ముప్పు ఆ తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. తగ్గిపోయింది కదా అని అమ్మ మొండికేసినా, అప్పటికప్పుడే ఆసుపత్రికి బయల్దేరదీయాలి.