పచ్చ అంటే ఏ రంగు?

గడ్డి పచ్చగా ఉందంటాం. పసుపుకొమ్మునూ పచ్చగా ఉందనే అంటాం. ఈ రెండూ ఒకే రంగా? కాదు కదా! పసరు, పసుపు, పసిమి, పచ్చ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. అందుకే ‘పచ్చ’ అనే మాట లేతాకు ఛాయ నుంచి బంగారు ఛాయ దాకా పరుచుకొని ఉంది.

చిత్రమేమిటంటే, మన శరీరంలోనూ ఈ రెండు ఛాయలూ ఒకదాని వెంట ఒకటి పుడతాయి. రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది నశించినప్పుడు అందులోని హిమోగ్లోబిన్ విడిపోయి, ముందుగా బిలివర్డిన్ అనే ఆకుపచ్చని పదార్థం, దాని నుంచి బిలిరూబిన్ అనే పసుపుపచ్చని పదార్థం తయారవుతాయి. మోకాలికి దెబ్బ తగిలి కమిలితే, ఆ మచ్చ కొన్నాళ్ళకు ఆకుపచ్చగా, తరువాత పసుపుగా మారడం మీరు చూసే ఉంటారు. కారణం ఇదే!

బిలిరూబిన్‌ను కాలేయం పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపేస్తుంది. కాలేయం దెబ్బతిన్నా, పైత్యనాళానికి రాయి అడ్డుపడినా, ఎర్రకణాలు మరీ ఎక్కువగా నశించినా అది రక్తంలో పేరుకుంటుంది. 100 మిల్లీలీటర్ల రక్తరసిలో మామూలుగా ఇది సుమారు 1 మిల్లీగ్రాముకు మించదు. 2, 3 మిల్లీగ్రాములు దాటితే కంటి తెల్లగుడ్డు మీద పసుపు ఛాయ తేలుతుంది. అవే పచ్చకామెర్లు. అంటే కామెర్లు వ్యాధి కాదు, వ్యాధి లక్షణం అన్నమాట.

ఈ ఛాయను పగటి వెలుతురులోనే చూడాలి. పసుపు కాంతినిచ్చే దీపం కింద తెల్లకాగితమే పచ్చగా ఉంటుంది. ఇక కంటిలోని పల్చని ఛాయ ఎలా తెలుస్తుంది? మరో సంగతి: క్యారెట్లు మరీ ఎక్కువగా తింటే అరచేతులు పసుపు ఛాయకు తిరగవచ్చు. కాని కళ్ళు తెల్లగానే ఉంటాయి. కామెర్లలో కళ్ళూ పచ్చబడతాయి.

‘పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది’ అని సామెత. నిజానికి అతనికి లోకం సాధారణంగా మామూలుగానే కనిపిస్తుంది. పచ్చదనం కనబడేది అతన్ని చూసేవారికి! కాబట్టి మీ ఇంట్లో ఎవరి కళ్ళలోనైనా ఆ ఛాయ కనబడితే ముందుగా చెప్పవలసినవారు మీరే. పసరు మందులతో రోజులు గడపకుండా వెంటనే డాక్టరుకు చూపించమనండి.