మీకు తెలుసా? చీకట్లో తేలిపోయే మెగాపిక్సెళ్ళు

నాటకం వేదిక మీది లైట్లు మన కళ్ళకు జిగేల్మంటాయి. కెమెరాకు మాత్రం అది చీకటి కిందే లెక్క. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులుంటే, ట్యూబ్‌లైటు వేసుకున్న ఇంటి హాల్లో వెలుగు రెండు మూడు వందల లక్సులు. నిండు పున్నమి వెన్నెలైతే పావు లక్సు చుట్టుపక్కలే. కంటిపాప పెద్దదై, రెటీనా సర్దుకుని మనకు ఈ తేడా తెలియనివ్వవు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సినిమాలో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే చూపించిన వెన్నెల చంద్రుడిది కాదు, ఆయన దీపాలతో పుట్టించింది. ఆ రోజుల ఫిల్ముకు అసలు వెన్నెల ఆనేది కాదు మరి.

ఈ సంగతి ఎందుకంటే, కోనసీమలో ఫోటో తీయాలనిపించే సందర్భాలు చాలావరకు పొద్దుగూకాక వచ్చేవే. రావులపాలెంలో ఉగాదికి సి.ఆర్.సి. కాటన్ కళాపరిషత్ నాటక పోటీలు. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం, అదీ రాత్రిపూటే. అర్ధరాత్రి ముహూర్తాల పెళ్ళిళ్ళు సరేసరి. ‘జేబులో పట్టే కెమెరా కావాలి, రాత్రిళ్ళు ఫోటోలు బాగా రావాలి’ అని దుకాణంలో అడిగితే మొదట మెగాపిక్సెళ్ళ గురించి చెబుతారు, ఆ తర్వాత జూమ్ గురించి. చీకట్లో ఈ రెండు అంకెలూ మిమ్మల్ని ఆదుకోవు.

ఆదుకునే అంకె లెన్సు చుట్టూ ఉన్న రింగు మీద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. 2012లో వచ్చిన మొదటి సోనీ ఆర్‌ఎక్స్100ను తిప్పి చూడండి. 1.8-4.9/10.4-37.1 అని కనిపిస్తుంది. గీతకు అవతల ఉన్నవి లెన్సు నాభ్యంతరాలు, మిల్లీమీటర్లలో. ఇవతలవి ఎఫ్ సంఖ్యలు. ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగును లోపలికి వదులుతుంది. జూమ్ లాగకముందు 1.8, పూర్తిగా లాగాక 4.9. రెండోదాన్ని మొదటిదానితో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఏడు పైచిలుకు వస్తుంది. అంటే జూమ్ మొత్తం లాగేసరికి సెన్సార్ మీద పడే వెలుగు ఏడో వంతుకు పడిపోతుంది. నాటకం చూడటానికి హాలు మధ్యలో కూర్చున్నవాళ్ళు జూమ్ లాగకుండా నటుడి ముఖం పట్టుకోలేరు కదా. ‘ఎఫ్/1.8 లెన్సండి, చీకట్లో తిరుగులేదు’ అని దుకాణంవాళ్ళు మొదటి అంకె చెప్పి ఊరుకుంటారు. మీరు అడగాల్సింది రెండో అంకె.

కొత్త మోడల్ అంటే రాత్రికి మెరుగైన మోడల్ అనుకుంటాం. కాదు. 2014లో వచ్చిన ఆర్‌ఎక్స్100 మార్క్ 3 లెన్సు 1.8 దగ్గర మొదలై 2.8 దగ్గర ఆగుతుంది. 2019 నాటి మార్క్ 7 మొదలయ్యేదే 2.8తో, ఆగేది 4.5 దగ్గర. 35 ఎంఎం ఫిల్ము కెమెరా లెక్కలో చెబితే మార్క్ 7కు 200 మిల్లీమీటర్ల దాకా జూమ్ ఇచ్చారు, ఫోకస్ వేగమూ పెంచారు. పగలు తిరణాలలో తిప్పడానికి అది బ్రహ్మాండమైన కెమెరా. దీపాల వెలుగులో మాత్రం ముందు పుట్టిన మూడే నయం. అయితే మూడు అదే లెక్కలో 70 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, వెనక వరుసలో కూర్చుంటే చాలదు. కానన్ జీ7ఎక్స్ వరస కెమెరాలు 100 మిల్లీమీటర్ల దాకా వెళ్ళి కూడా 2.8 దాటవు. నాటకాలకనే కొనేవాళ్ళు ముందు వాటిని చూడండి.

లెన్సు తర్వాత సెన్సార్. చవక కాంపాక్టుల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సార్ వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లు. ‘ఒక అంగుళం’ సెన్సార్‌ది 116, అంటే నాలుగు రెట్లు. ఏపీఎస్‌సీ అనే ఇంకా పెద్ద సెన్సార్‌ది 367 దాకా వస్తుంది. వైశాల్యం పెరిగినకొద్దీ ఫోటోకు మొత్తంగా అందే వెలుగు పెరుగుతుంది, గింజలు గింజలుగా కనిపించే నాయిస్ తగ్గుతుంది. ఇందులో ఒక చిన్న మోసం ఉంది. ఒక అంగుళం సెన్సార్‌ను స్కేలు పెట్టి కొలిస్తే మూల నుంచి మూలకు 16 మిల్లీమీటర్లు కూడా ఉండదు. పాత టీవీ కెమెరాల్లోని గాజు ట్యూబుల బయటి కొలతను ఇప్పటికీ పేరుగా మోస్తున్నారు, అంతే.

మెగాపిక్సెళ్ళ పోటీ ముదురుతున్న 2006లో ఫ్యూజీ కంపెనీ ఎఫ్30 అనే చిన్న కెమెరాను ఆరు మెగాపిక్సెళ్ళ దగ్గరే ఆపి, ఐఎస్‌ఓను 3200 దాకా ఇచ్చింది. అంతకన్నా ఎక్కువ మెగాపిక్సెళ్ళున్న సాటి కాంపాక్టులు రాత్రిళ్ళు దాని ముందు నిలవలేకపోయాయి.

ఐఎస్‌ఓ పెంచితే కెమెరా ఎక్కువ వెలుగు తీసుకుంటుందనేది చాలామంది నమ్మకం. ఐఎస్‌ఓ ఒక్క కిరణాన్ని కూడా అదనంగా తేదు. వచ్చిన కాస్త సంకేతాన్ని పెంచి చూపిస్తుంది. గుళ్ళో మైకుసెట్టు వాల్యూమ్ పెంచితే పంతులుగారి గొంతుతోపాటు గుయ్యిమనే రొదా పెరిగినట్టే. ఎక్కువ వెలుగు కావాలంటే పెద్ద లెన్సు, పెద్ద సెన్సార్, లేదా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచడం. ఉన్న వెలుగుతోనే తీయాలంటే నాలుగో దారి లేదు.

షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే చెయ్యి వణుకుతుంది కాబట్టి స్టెబిలైజర్ పెట్టారు. అది ఆపేది మీ చేతి వణుకునే. వేదిక మీద చెయ్యి విసిరే నటుణ్ని ఆపలేదు. రావులపాలెం గట్టున నిలబడి జొన్నాడ వైపు గౌతమి వంతెన దీపాలు తీయండి, సెకనులో ఎనిమిదో వంతు షట్టర్‌తో కూడా మంచి స్టెబిలైజర్ నెగ్గుకొస్తుంది. నాటకానికి కనీసం 125వ వంతు కావాలి, ఆవేశపు సన్నివేశమైతే 250వ వంతు. నటుడి వెనక తెర నల్లగా ఉంటే కెమెరా చీకటిని లెక్కలోకి తీసుకుని ముఖాన్ని తెల్లగా పాలిపోయేట్టు చేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తున్న మీటతో ఒక మెట్టు మైనస్‌కు దించితే కళ్ళూ, కనుబొమలూ, చెమట చుక్కలూ వెనక్కి వస్తాయి.

మరి ఫోన్? 2018లో గూగుల్ తెచ్చిన నైట్ సైట్ లాంటివి వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని పేర్చి, ఒకే ఫోటోగా కలుపుతాయి. కదలకుండా నిలబడేవాటికి, అంటే ఆ వంతెనకో గోపురానికో, జేబులోని ఫోను చాలు. కెమెరా కొనక్కర్లేదని నా మాట. కదిలేవాటి దగ్గరే ఫోను తడబడుతుంది. కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ ప్రభలు భుజాల మీద ఊగుతూ వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా చూపించింది ఈ ప్రభల తీర్థాన్నే. సాయంత్రం వెలుగు తగ్గాక ఊగే ప్రభను పది ఫ్రేములు పేర్చి తీస్తే అంచులు చెదిరిపోతాయి. ఒక్క ఫ్రేములో బిగించి పట్టే మంచి లెన్సు అక్కడ పనికొస్తుంది.

సాయంత్రమంటే గుర్తొచ్చింది. సూర్యుడు అస్తమించాక ఆకాశం నీలంగా మెరిసే సంధ్యవేళ ఇక్కడ సుమారు 22 నిమిషాలే. జూన్‌లో లండన్‌లో ఇది రెట్టింపుకు పైనే ఉంటుంది. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి సూర్యుడు నిట్టనిలువుగా దిగిపోతాడు. యూట్యూబులో విదేశీయులు చెప్పే తీరుబాటు చిట్కాలు గోదావరి గట్టున పనిచేయవు. అస్తమయానికి ముందే సెట్టింగులు సిద్ధం చేసుకోవాలి.

అమెరికా నుంచి అల్లుడు తెచ్చిన కెమెరాతో పెళ్ళి వీడియో తీస్తే నల్లటి పట్టీలు కదులుతూ కనిపిస్తాయా? కెమెరా పాడైపోలేదు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు, అమెరికాలో 60. ఇక్కడ ట్యూబ్‌లైట్లూ, నాసిరకం ఎల్‌ఈడీ బల్బులూ సెకనుకు వందసార్లు రెపరెపలాడతాయి. అమెరికా లెక్కకు అమర్చిన కెమెరా ఆ రెపరెపను పట్టీలుగా పట్టేస్తుంది. మెనూలో వీడియో పద్ధతిని ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కు మార్చే వీలుంటే మార్చండి. లేదంటే షట్టర్‌ను సెకనులో 50వ వంతు దగ్గరో, 100వ వంతు దగ్గరో ఉంచండి. కువైట్, దుబాయ్, ఖతార్ నుంచి తెచ్చినవాటికి ఈ బెడద ఉండదు, అక్కడా 50 సైకిళ్ళే. సౌదీలో మాత్రం 60.

జూమ్ వద్దనుకుంటే రికో జీఆర్ 3 ఒక వింత. 257 గ్రాముల బరువులో ఏపీఎస్‌సీ సెన్సార్ పెట్టారు. ఫ్లాష్ అసలు లేదు. ఒక్క చార్జితో 200 ఫోటోలే తీస్తుంది కాబట్టి రెండో బ్యాటరీ తప్పదు. ఫ్యూజీ ఎక్స్100 సిక్స్‌కు ఎఫ్/2 లెన్సు ఉంది, ధర లక్షన్నర దాటింది. పెళ్ళి పీటల పక్కన నిలబడి తీసేవాళ్ళకు ఇవి బంగారం. హాల్లో వెనక కూర్చున్నవాళ్ళకు దండగ.

పాత కెమెరా కొంటున్నారా? ఫోను టార్చి వెలిగించి లెన్సులోకి ఏటవాలుగా చూడండి. సన్నటి తెల్లని దారాలు పాకినట్టుంటే అది బూజు. గోదావరి తేమకు ఇది మామూలే. పగటి ఫోటోల్లో పెద్దగా తెలియదు, రాత్రి మాత్రం ప్రతి దీపం చుట్టూ పొగలాంటి వలయం వస్తుంది. కాంపాక్టు లెన్సు ఊడదీసి శుభ్రం చేయించడానికి కెమెరా ధరంత అడుగుతారు, బూజు కనిపిస్తే వదిలేయడమే మేలు. కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకోండి. ఏసీ కారులోంచి బయటికి తీసినప్పుడు కవరులోనే కాసేపు ఉంచకపోతే లెన్సుకు ఆవిరి పడుతుంది.

చివరిగా నాటక ప్రియులకు ఒక మనవి. చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పోదు. అది వెలిగించేది ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ తలలనే. ఫోకస్ కోసం వెలిగే నారింజ రంగు దీపం నటుడి కళ్ళలో పడుతుంది. బీప్ శబ్దం పక్కవాళ్ళ చెవిలో పడుతుంది. ఈసారి ఉగాది పోటీలకు వెళ్ళినప్పుడు మొదటి గంట మోగేలోగా మెనూలోకి వెళ్ళి ఈ మూడూ ఆపేయండి.