గింజ నుంచి గ్లాసు దాకా... నడుమ చిటికెడు తగరం!

ఈమధ్య పెళ్ళిళ్ళలో, పుట్టినరోజు వేడుకల్లో ‘మొక్కజొన్నతో చేసినవి, మట్టిలో కలిసిపోతాయి’ అంటూ అచ్చం ప్లాస్టిక్‌లాంటి గ్లాసులు పెడుతున్నారు, చూశారా? గింజేమిటి, గ్లాసేమిటి అని మీకూ ఆశ్చర్యం వేసే ఉంటుంది. నిజానికి అందులో సగం పని మన వంటింట్లో రోజూ జరిగేదే!

పాలకు తోడు వేస్తే పెరుగు అవుతుంది కదా. తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పెరుగు పులుపు దానివల్లే. ఫ్యాక్టరీలో పాలకు బదులు మొక్కజొన్న పిండి నుంచి తీసిన చక్కెరనో, చెరకు చక్కెరనో ఇలాగే పులియబెడతారు. ఆ ఆమ్లంలోని నీటిని పోగొట్టి, రెండేసి అణువులు కలిసిన చిన్న ఉంగరాల్లా చేస్తారు. వీటి పేరు లాక్టైడ్. ఈ ఉంగరాలు తెరుచుకుని ఒకదాన్నొకటి పట్టుకుంటూ పొడవాటి గొలుసు అయితే, అదే పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్.

వేడి చేసినంత మాత్రాన ఆ గొలుసు చకచకా అల్లుకోదు. అందుకు ఉత్ప్రేరకం కావాలి. ఉత్ప్రేరకం అంటే పెళ్ళిళ్ళ పేరయ్య అనుకోండి. సంబంధం కుదుర్చుతాడు గానీ తాను పీటల మీద కూర్చోడు! నూనెను వనస్పతిగా గడ్డకట్టించడానికి నికెల్ వాడేదీ ఇందుకే. పని అయ్యాక దాన్ని వడకట్టేస్తారు.

పి.ఎల్.ఎ.కి ఎక్కువగా వాడేది టిన్ ఆక్టోయేట్ అనే తగరపు సమ్మేళనం. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించేవారే, ఆ తగరమే ఇక్కడ వేరే రూపంలో ఉంటుంది. వేసేది చాలా కొద్దిగానే అయినా కొంత ప్లాస్టిక్‌లోనే మిగిలిపోతుంది. అలా మిగిలింది చురుగ్గా ఉంటే, మళ్ళీ కరిగించి గ్లాసులు పోసేటప్పుడు కట్టిన గొలుసును తానే తెంపేస్తుంది. అందుకే పని కాగానే దాని జోరు తగ్గిస్తారు. తగరానికి బదులు జింకు, మెగ్నీషియం, కాల్షియం సమ్మేళనాలతో పని జరిపించాలని శాస్త్రవేత్తలు పరిశోధనలు చేస్తున్నారు.

నైలాన్ కనిపెట్టిన వాలేస్ కారోథర్స్ 1932లోనే లాక్టైడ్‌తో గొలుసు కట్టి చూశారు. పెద్ద ఎత్తున తయారీకి మాత్రం చాలా కాలం పట్టింది. అమెరికాలోని బ్లెయిర్ అనే ఊళ్ళో 2002లో మొక్కజొన్నతో చేసే పెద్ద ఫ్యాక్టరీ మొదలైంది.

ఇక మనకు కావలసిన అసలు సంగతి. మొక్క నుంచి వచ్చింది కదా అని ఎక్కడ పారేసినా కలిసిపోదు సుమండీ! ఆ గొలుసు త్వరగా తెగాలంటే సుమారు 60 డిగ్రీల వేడి, తేమ, సూక్ష్మజీవులు మూడూ ఉండాలి. అవి పెద్ద ఎరువు కేంద్రాల్లో దొరుకుతాయి. పెరట్లో గుంట తీసి పూడిస్తే ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవచ్చు. మురుగుకాలువలో పడితే మామూలు ప్లాస్టిక్‌లాగే అడ్డుపడుతుంది. పశువు మింగితే దాని కడుపుకీ ముప్పే.

కొనేటప్పుడు, వాడేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

* సంచి మీద ‘కంపోస్టబుల్’ అన్న మాట, 17088 అన్న ప్రమాణం నంబరు ఉన్నాయేమో చూడండి. ఉత్త ‘ఎకో’ అన్న మాట చూసి మోసపోకండి.
* మామూలు పి.ఎల్.ఎ. గ్లాసు దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మజ్జిగకు, పానకానికి సరే. పొగలు కక్కే కాఫీ పోయకండి.
* మామూలు ప్లాస్టిక్‌తో కలిపి పాతసామాన్లవాడికి వేయకండి. రెండూ కలిస్తే ఆ సరుకు పాడవుతుంది.
* మీ ఊళ్ళో ఎరువు కేంద్రం వీటిని తీసుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

తీసుకోకపోతే? మన స్టీలు గ్లాసులు ఉండనే ఉన్నాయి. కడిగే ఓపిక ఉండాలి, అంతే!