పద్యం ఉంటే చాలు... నాటకం తయారు!

క్లెమెంటిలో మెట్రో రైలు మొదలైంది 1988లో. అదే ఏడాది సింగపూర్ రంగస్థలం మీద ఓ ముసలమ్మ తప్పిపోయిన పిల్లిని వెతుక్కుంటూ బయల్దేరింది. ఆమెకు వచ్చింది హొక్కియన్ ఒక్కటే. కన్నపిల్లలేమో వేరే భాషల్లో మాట్లాడుకుంటారు. దారిలో ఓ తమిళ పెద్దాయన ఎదురయ్యాడు. ఆయన పిల్లి కూడా తప్పిపోయిందట! ఒకరి మాట ఒకరికి ముక్క అర్థం కాదు. అయినా సైగలతోనే ఇద్దరూ కష్టసుఖాలు చెప్పేసుకున్నారు.

ఆ నాటకం పేరు 'మామా లుకింగ్ ఫర్ హర్ క్యాట్'. సింగపూర్ నాటకరంగానికి పెద్దదిక్కు అనిపించుకున్న కువో పావ్ కున్ దాన్ని తయారుచేశారు. ఈ దేశంలో మాట్లాడుకునే పలు భాషలు ఒకే వేదిక మీద వినిపించిన తొలి నాటకంగా దానికి పేరుంది. మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. అది రాసిపెట్టిన స్క్రిప్టుతో మొదలుకాలేదు. నటులంతా కూడి, మాట్లాడుకుని, చేసి చూసుకుని, పనికొచ్చింది ఉంచుకుని అల్లుకున్న నాటకం అది.

నేర్చుకునేవాళ్లే తయారుచేస్తారు

కువో 2000లో టి. శశిధరన్‌తో కలిసి ఓ నటశిక్షణ కార్యక్రమం పెట్టారు. 2002లో కువో కన్నుమూశారు. అయినా పని ఆగలేదు. 2011 నుంచి అది ఇంటర్‌కల్చరల్ థియేటర్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో సాగింది. వేర్వేరు దేశాల నుంచి వచ్చిన కుర్రకారు అక్కడ మూడేళ్లు జపాన్ నో, చైనా బీజింగ్ ఒపెరా, ఇండోనేషియా వయాంగ్ వొంగ్, మన పక్కనున్న కేరళ కూడియాట్టం నేర్చుకున్నారు. చివర్లో ఎవరి ప్రదర్శన వారు సొంతంగా తయారుచేసుకోవాలి. గురువు చెప్పింది అప్పజెబితే సరిపోదన్నమాట.

కూడియాట్టం సంగతే చూడండి. నటుడు ఒక్క శ్లోకం పట్టుకుని, కళ్లతో, చేతులతో దాని అర్థాన్ని గంటల తరబడి విప్పి చూపించగలడు. నాలుగు పాదాల కవిత్వంలో ఓ రాత్రికి సరిపడా నాటకం ఉంటుందని ఆ కళ చెబుతోంది.

క్లెమెంటి రోడ్డు పక్కనున్న నేషనల్ యూనివర్సిటీ కూడా 1992లో నాటకరంగ చదువు మొదలుపెట్టింది. కాలేజీ ఫీజులు, మూడేళ్ల శిక్షణ మనలాంటి వాళ్లకు ఎక్కడ కుదురుతాయి అంటారా? నిజమే. కానీ పద్ధతి నేర్చుకోవడానికి ఫీజు అక్కర్లేదు.

ఆ పద్ధతి ఇదీ. ముందు ఓ కవిత అందరూ పైకి చదువుతారు. మనసుకు తగిలిన మాటను ఒక్కొక్కరూ ఎంచుకుంటారు. ఆ మాటకు తగ్గట్టు శరీరంతో ఒక భంగిమ పెట్టి, బొమ్మలా కదలకుండా నిలబడతారు. తర్వాత ఆ బొమ్మలకు కదలిక వస్తుంది, మాట వస్తుంది. 'ఇది ముందు పెడదాం, అది తీసేద్దాం' అనుకుంటూ వరస కుదుర్చుకుంటారు. చూసేవాళ్లకు అర్థంకానిది తీసేస్తారు. అంతే, నాటకం.

కూలి చేతుల్లో కవిత

'సైట్‌లో పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడికి కవిత్వమా?' అనొచ్చు. ఇక్కడి బంగ్లాదేశ్ సోదరులు ఆ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చారు. 2014లో సింగపూర్‌లో వలస కార్మికుల కవితల పోటీ మొదలైంది. తొలి విజేత జకీర్ హుసేన్ ఖోకాన్, నిర్మాణరంగంలో పనిచేసే మనిషి. తర్వాతి ఏళ్లలో తమిళం, ఇండోనేషియా వంటి భాషల వాళ్లూ పోటీకి వచ్చారు. 2016లో మరో బంగ్లాదేశ్ కార్మికుడు మొహమ్మద్ ముకుల్ హుసేన్ కవితలు 'మి మైగ్రంట్' పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. అంతకు ముందే, 2011లో, లిటిల్ ఇండియా ప్రాంతంలో బంగ్లా పత్రిక సంపాదకుడు ఎ.కె.ఎం. మొహ్సిన్ 'దిబాశ్రమ్' అనే చోటు తెరిచారు. కార్మికులు అక్కడ చేరి పాడుకునేవారు, రాసుకున్నవి వినిపించుకునేవారు.

హెల్మెట్ పెట్టుకున్న మనిషిని రోజూ వేలమంది చూస్తారు. అతని లోపల ఏముందో కవిత వినిపించిన రోజునే తెలుస్తుంది.

హరిశ్చంద్రుడు మనవాడే

ఇక మన సంగతి. శ్రీకాకుళం నుంచి వచ్చినా, నిజామాబాద్ నుంచి వచ్చినా, ఊళ్లో హరిశ్చంద్ర నాటకం పేరు విననివాడు ఉండడు. కథ ఏంటి? అప్పు. అప్పు తీర్చడానికి మనిషి ఊరు వదిలాడు, ఆలుబిడ్డల్ని దూరం చేసుకున్నాడు, పరాయిచోట కాటికాపరిగా కూలికి కుదిరాడు. వెంటపడి వసూలుచేసే నక్షత్రకుడి పేరు మన భాషలో సామెతలా నిలిచిపోయింది. ఏజెంటుకు కట్టిన డబ్బు కోసం ఊళ్లో వడ్డీకి తెచ్చినవాడికి ఈ కథ విడమరచి చెప్పాలా?

బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఈ నాటకం ఆడేటప్పుడు కాటిసీనులో జనం ఎదురుచూసే పద్యాలు కొన్ని ఆయన రాసినవి కావు. గుర్రం జాషువా 'శ్మశానవాటి' పేరుతో విడిగా రాసుకున్న కవితలోవి. మన నటులు వాటిని తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. చావు ముందు రాజూ పేదా ఒకటే అన్న ఆ కవి బాధ కాటికాపరి బాధతో అతికినట్టు కలిసిపోయింది. అంటున్నది ఇదే! కవితను నాటకం చేయడం సింగపూర్ కుర్రాళ్ల దగ్గర కొత్తగా నేర్చుకోవాల్సిన విద్యేం కాదు. మన పల్లెటూరి నటులు ఎప్పుడో చేసేశారు.

ఇంకా వెనక్కి వెళ్తే, తోలుబొమ్మలాటవాళ్లు రంగనాథ రామాయణం ద్విపదల్ని తెర మీద ఆడించారు. మహారాష్ట్ర వైపు నుంచి వలసవచ్చిన అలాంటి బొమ్మలాట కుటుంబాలే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ఆడి నాటకాలవాళ్లయ్యాయి. వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి కంపెనీల్లో పిల్లలు తల్లిదండ్రుల పక్కన నిలబడే నటన నేర్చారు. బతుకుతెరువుకు ఊరు మారినవాళ్లే తెలుగు నాటకానికి అంత సేవ చేశారు!

మనమూ మొదలుపెడదామా?

ముగ్గురుంటే చాలు. ఓ ఆదివారం సాయంత్రం గదిలోనో, పార్కులోనో కూర్చోండి. ఒకరికి గుర్తున్న పద్యం చదవమనండి. పద్యం రాకపోతే ఇంటికి రాసిన ఉత్తరమో, ఫోన్‌లో దాచుకున్న నాలుగు మాటలో చాలు. నక్షత్రకుడి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి చూడండి, మన నాటకం దానంతటదే నడుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు తమ యజమాని దగ్గర తప్ప ఇంకోచోట డబ్బు తీసుకుని పనిచేయకూడదు. కాబట్టి ప్రదర్శనకు పారితోషికం వద్దు. బయట జనం ముందు ఆడాలంటే ఐఎండీఏ అనుమతి కావాల్సి ఉంటుంది, ముందే కనుక్కోండి. నిజమైన ఏజెంటు పేరు, కంపెనీ పేరు నాటకంలో పెట్టొద్దు. పేరు లేకపోయినా చూసేవాళ్లకు తెలుస్తుంది. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం లాంటి సంఘాల్ని ఉగాది వేదిక మీద పది నిమిషాలు ఇవ్వమని అడిగి చూడొచ్చు.

ఊళ్లో అమ్మానాన్నలకు మనం పంపే డబ్బు కనిపిస్తుంది. ఆ డబ్బు వెనక రోజు ఎలా గడుస్తుందో ఫోన్‌లో మనం చెప్పం, 'బాగానే ఉన్నా' అంటాం. ఆ చెప్పని మాటలు ఓ పద్యాన్ని అడ్డం పెట్టుకుని చెప్పుకోవచ్చు. హరిశ్చంద్రుడు అబద్ధం ఆడలేదు కదా, మనమూ వేదిక మీద ఆ పది నిమిషాలైనా నిజం చెబుదాం.