తాబేలు పిల్లకు ఇంట్లో ఎండ

బ్రిటన్‌లో పెంపుడు జంతువుగా బాగా కనిపించే తాబేళ్లలో హెర్మన్ తాబేలు ఒకటి. ఇది మధ్యధరా తీరపు ఎండల్లో పుట్టిపెరిగే జాతి. గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన పిల్ల తూకం దాదాపు 10 నుంచి 15 గ్రాములు. మబ్బు వీడని దేశంలో ఆ పిల్లకు కావలసిన ఎండను దీపాలతోనే తయారుచేయాలి. బల్బు వెలుగుతుంటుంది, పెట్టె వెచ్చగా ఉంటుంది, పిల్ల మేస్తుంటుంది. అయినా కొన్ని నెలలు గడిచేసరికి గట్టిపడాల్సిన డిప్ప మెత్తగానే ఉండిపోతుంది. కాళ్లు ఈడుస్తూ నడుస్తుంది.

లోపం చాలాసార్లు తిండిలో కాదు, వెలుగులో ఉంటుంది. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. దాని తయారీ రెండు దశల్లో సాగుతుంది. అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే భాగం, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది, చర్మంలోని ఒక రకం కొలెస్ట్రాల్‌ను మారుస్తుంది. అలా ఏర్పడిన పదార్థం డి3గా మారడానికి మళ్లీ ఒంటి వేడి అవసరం. మనిషికి ఆ వేడి లోపలే పుడుతుంది. తాబేలు మాత్రం బయటి నుంచి అరువు తెచ్చుకోవాలి. ఒళ్లు చల్లగా ఉంటే ఎంత మంచి యూవీ దీపం కింద కూర్చున్నా రెండో దశ నత్తనడకన సాగుతుంది. వేడి దీపం ఒక మూల, యూవీ దీపం మరో మూల పెట్టడం తప్పని చెప్పేది ఇందుకే. సూర్యుడు ఆ రెండింటినీ ఒకే చోట కురిపిస్తాడు.

పోనీ, కిటికీ పక్కన పెడితే? మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పైగా గాజు తొట్టిలోకి నేరుగా ఎండ పడితే లోపలి వేడి నిమిషాల్లో ప్రాణాంతకమవుతుంది.

దీపం కొన్నా మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. వాడేకొద్దీ ట్యూబు నుంచి వచ్చే యూవీబీ తగ్గిపోతుంది, కనిపించే వెలుగు మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. దూరం సంగతీ అంతే. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుందని బడిలో చదువుకున్న సూత్రం బిందువులాంటి బల్బుకే సరిపోతుంది. పొడవాటి ట్యూబు దగ్గర తగ్గుదల అంత వేగంగా ఉండదు. లెక్క వేయడం కన్నా యూవీ మీటరుతో డిప్ప ఎత్తులో కొలవడం నయం. ఎండకాగే చోట యూవీ సూచిక 3 నుంచి 5 మధ్య ఉండేలా చాలామంది పెంపకందార్లు చూసుకుంటారు.

ఇక వేడి. ఎండకాగే చోట 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, అవతలి కొసన 22 నుంచి 25 డిగ్రీలు, మధ్యలో నీడ ఉండాలి. ఎక్కడ ఉండాలో తాబేలే ఎంచుకుంటుంది. అడుగున పరిచే వేడి చాపలు ఈ జీవికి నప్పవు. ఎండ ఎక్కువైతే తాబేలు మట్టి తవ్వుకుని లోపలికి పోతుంది, ఎందుకంటే ప్రకృతిలో కింద చల్లగా ఉంటుంది. చాప ఉన్న పెట్టెలో తవ్వేకొద్దీ వేడి పెరుగుతుంది! చిన్న శరీరం వేడెక్కడమూ, చల్లబడడమూ, నీరు కోల్పోవడమూ త్వరగా జరుగుతాయి కాబట్టి పిల్లల విషయంలో ఈ పొరపాటు మరీ ప్రమాదం. థర్మోస్టాట్ తప్పనిసరి. రాత్రి దీపాలన్నీ ఆపేయాలి.

దీపాల వేడి గాలిని ఎండబెడుతుంది. ఆఫ్రికాకు చెందిన సల్కాటా తాబేలు పిల్లలపై చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, డిప్ప మీద గోపురాల్లాంటి ఎగుడుదిగుళ్లు రావడానికి తిండిలోని ప్రొటీను కన్నా గాలి పొడిబారడమే పెద్ద కారణమని తేలింది. తడి నాచు పరిచిన చిన్న గూడు, రోజూ నీళ్లు చిలకరించిన మట్టి ఆ పొడిని కొంత సరిచేస్తాయి.

మన దేశంలో ఈ అమరికకు చోటు ఇళ్లలో కాదు. ఆంధ్రప్రదేశ్ మెట్ట పొదల్లోనూ తిరిగే నక్షత్ర తాబేలును కొనడం, ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2019లో అంతర్జాతీయ వాణిజ్యానికీ తలుపులు మూశారు. అయినా దొంగరవాణా ఆగలేదు. సామాన్లలో కుక్కి తరలిస్తుండగా పట్టుబడ్డ పిల్లలు పునరావాస కేంద్రాలకు చేరితే, అక్కడివారు ముందుగా చూడాల్సింది వాటికి నీరు, నీడ, గాజు అడ్డులేని పొద్దుటి ఎండ.